బుదు సీసా

వియన్నా విమానాశ్రయంలో
తొడుగు వేసిన చేత్తో సీసాని వెలుతురుకెత్తి
"ఇదేమిటి?" అన్నాడు కస్టమ్స్ ఆయన.
నెత్తళ్లని ఉప్పులో ఊరేసి
ఏడాదిపాటు ఎండకీ ఓపికకీ అప్పగిస్తే
దిగిన రసమని
ఏ భాషలో చెప్పను?
"మందు" అన్నాను.
అబద్ధమేం కాదు.

తుంపాట్ రేవులో బుదు అమ్మే మెక్ సొమ్ కూతుర్ని నేను.
చదివించేది సర్కారు స్కాలర్‌షిప్పే,
అయినా అమ్మ లెక్క అమ్మది:
"నీ పళ్ల డాక్టరు చదువులో
నా ఉప్పు పిసరంత ఉంది, మరిచిపోకు."

బ్రనో ఊరు. హాస్టల్లో ఆరో అంతస్తు.
మూడో రోజున మూత వదులైంది.
వంటింట్లోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు,
మంటల గంట మోగినప్పుడు కూడా
అంత బుద్ధిగా ఎవరూ రాలేదట.
సాయంత్రానికి తలుపు మీద కాగితం,
చెక్ భాషలో మూడు వాక్యాలు.
నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను.
అది తిట్టని తేలేసరికి
అయిదు కొత్త మాటలొచ్చేశాయి.

నా గదిలో ఇంకో మంచం ల్యూబిత్సది,
స్లొవాకియా కొండల పిల్ల.
డిసెంబరులో వాళ్ల అమ్మమ్మ పంపిన
గొర్రెపాల జున్ను మూట విప్పింది.
ఈసారి బయటికి నడిచింది నేను.
తలుపవతల నుంచి దాని నవ్వు,
ముక్కు మూసుకుని ఇవతల నా నవ్వు.
ఆ రాత్రే ఒడంబడిక కుదిరింది:
కిటికీ బయటి గట్టు మీద
ఎడమ సగం బుదుకి, కుడి సగం జున్నుకి.
కాపలా మంచుది.

నా ఫొటోలు చూసి
"రాసిపెట్టి పుట్టావే" అంటుంది పిన్ని కూతురు హస్లిండా.
ఫొటోలో పడనివి కొన్నున్నాయి.
రాత్రి బస్సులో ముందు సీటు వాడి వీపు
నా మోకాళ్ల మీద పడుకున్న తొమ్మిది గంటలు.
తుడుంగ్ మీద ఉన్ని టోపీ, దాని మీద వాన.
చిల్లర లేక
స్టేషన్ మరుగుదొడ్డి గేటు ముందు
అణుచుకుని నించున్న క్రాకోవ్.
బుడాపెస్టులో నమాజు వేళకి ఫోను చచ్చిపోయింది.
పావురాలకి రొట్టె ముక్కలేస్తున్న ఆవిడని
ఆగ్నేయం ఎటని అడిగాను.
"రొమేనియా బండా? అటే" అని చెయ్యి చాపింది.
అటే తిరిగి నిలబడ్డాను.
బండి కూడా అటే వెళ్లింది.

ఫిబ్రవరిలో త్రియెస్తె.
ఆర్నెల్ల తర్వాత సముద్రం.
మనిషిని పక్కకి తోసే గాలి,
అంత నీలం, అంత నీరు,
వాసన మాత్రం లేదు.
నాకు జలుబేమో, తెలీదు.
చేపలంగట్లో ఒక ముసలాయన
నా మొహంలో ఏం చూశాడో గానీ
పిలిచి రేకు డబ్బా మూత తీశాడు.
ఉప్పు పొరల మధ్య
తలల్లేని నెత్తళ్లు, వరసగా.
జలుబుని చీల్చుకుని వచ్చింది వాసన.
ఆరు యూరోలన్నాడు.
నా దగ్గర నాలుగు.
మూత పెట్టేశాడు.
కోపం రాలేదు.
అమ్మైనా అదే చేసేది.

మార్చికి సీసా అడుగంటింది.
స్కాలర్‌షిప్ ఆఫీసు ఫారంలో
"ఈ సెమిస్టరులో సాధించినవి" అని ఒక గడి.
శరీరనిర్మాణ శాస్త్రం, బి గ్రేడు, అని రాసి
మిగతా ఖాళీలో అడ్డగీత కొట్టాను.

అమ్మకి ఫోను చేస్తే
"సీసా పారేయకు,
వచ్చేటప్పుడు పట్రా, ముప్పై సెన్లు తిరిగిస్తారు" అంది.
అందులో పూలున్నాయమ్మా అన్నాను.
మంచు పూర్తిగా కరగకముందే
నేలని పొడుచుకొచ్చే తెల్ల పూలు,
ల్యూబిత్స తెచ్చి పెట్టింది,
పేరు చెప్పింది గానీ నా నోరు తిరగలేదు.

ఆవలి వైపు కాసేపు
రేవులో పడవ ఇంజన్ల చప్పుడు.
తర్వాత అమ్మ అడిగింది:
"కడిగే పెట్టారా?"

పూల మీదికి వంగి చూశాను.

లేదు.