వేలు పడలేదు

జూన్ పన్నెండున కాలేజీ గుమ్మం దగ్గర
ఆ చిన్న నల్లడబ్బా మీద వేలు పెట్టాను.
ఎర్ర లైటు.
ప్యాంటుకి తుడిచి మళ్ళీ పెట్టాను. ఎర్ర లైటే.
అటెండరు సిమ్మన్న తల దించుకొని
"మీ పేరు తీసీసారండి, రెన్యువల్ ఆర్డరు రాలేదు కదా" అన్నాడు,
తప్పు తనే చేసినట్టు.

పద్నాలుగేళ్ళ కాంట్రాక్టు లెక్చరర్ని.
ఏటా ఒక్కరోజు ఉద్యోగం లేనివాణ్ణై
మర్నాడు మళ్ళీ పుట్టేవాణ్ణి.
ఈసారి ఆ ఒక్కరోజు
ఆషాఢం దాటి సాగింది.

ఇంట్లో చెప్పలేదు.
క్యారేజీ పట్టుకొని పలాస స్టేషన్లో
విశాఖ పాసింజరు వెళ్ళేదాకా ఒక బెంచీ,
భువనేశ్వర్ బండి వచ్చేదాకా ఇంకో బెంచీ.
న్యూటన్ సూత్రాలు మూడూ చెప్పినవాడికి
మొదటిదొక్కటే మిగిలింది:
కదలనిది కదలదు, ఎవరో తోస్తే తప్ప.

బ్యాంకులో ఒకామె ఫారం నా ముందుకు తోసి
"కాస్త రాసీ బాబూ" అంది.
మడ్డు దాలమ్మ. ఉద్దానం మనిషి.
రాసిచ్చాను. వేలు పెట్టింది. పడలేదు.
కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు,
కొంగుతో తుడిచి, ఉమ్ముతో తడిపి,
పది వేళ్ళూ అయిపోయాయి.
ఇరవైరెండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
పిక్కలోని నూనె గీతలన్నీ తినేసింది.
"సంతకమైతే ఇచ్చేస్తానమ్మా" అన్నాడు క్యాషియరు.
"సంతకమే వొస్తే ఈ పిక్కలెందుకు కొడతాన్రా" అంది.
బ్యాంకంతా నవ్వింది.
జేబులో నా వేలు ముడుచుకుంది.

బయట మెట్ల మీద, చలాను వెనక
ఆమె పేరు పెద్దగా రాసి చూపించాను.
చాలాసేపు చూసి
"ఇదేటి, జీడిపిక్కలాగుంది?" అంది.
డ పక్కన కొమ్ము.
పద్నాలుగేళ్ళలో నన్నెవరూ అలాంటిది అడగలేదు.
నిజానికి ఏదీ అడగలేదు.
సిలబస్ అయ్యిందా అనేవారు, అంతే.

ఇప్పుడు సాయంత్రాలు
జీడిమిల్లు వెనక రేకుల షెడ్డు.
మొదట దాలమ్మ, తర్వాత ఆమె తోటికోడలు,
ఈ వారానికి పీటలు తొమ్మిది.
కాల్చిన పిక్కల ఘాటుకి కళ్ళు మండుతాయి.
వాళ్ళ చేతుల్లో బలపం నిలవదు,
గీతల్లేని వేళ్ళకు పట్టు తక్కువ.
ఘర్షణ పాఠం ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో,
నాకది ఇక్కడ అర్థమైంది.
సైకిలు ట్యూబు ముక్క కోసి బలపానికి చుట్టాను.
నిలిచింది.

ఆ రాత్రి ఎన్నేళ్ళకో
రేపటి పాఠం రాసుకున్నాను,
పాత నోట్సు చూడకుండా.
సుభాషిణికి అంతా చెప్పేశాను.
"చొక్కా మీద సుద్దపొడి లేదని
ఎప్పుడో తెలుసు" అంది.
అద్దె సంగతి మాత్రం
ఇద్దరం ఎత్తలేదు.

ఆర్డరు ఇంకా రాలేదు.
వస్తుందంటున్నారు. రాదనీ అంటున్నారు.
వస్తే వెళ్తాను, జీతం కావాలి నాకు.
ఆరింటికి మాత్రం ఈ షెడ్డుకే వస్తాను,
ఇక్కడ ఎవరూ నా వేలు అడగరు.

నిన్న దాలమ్మ ఫారం మీద సంతకం పెట్టింది.
ఐదక్షరాలకి ఏడు నిమిషాలు.
వెనక లైను గొణిగింది.
మ పెద్దది, దా నలిగిపోయింది,
చివరి మ్మ గడి దాటి బయటికొచ్చి నిలబడింది.
క్యాషియరు నమూనాతో సరిచూసి
"కొమ్ము వేరేగా ఉందమ్మా" అన్నాడు,
అన్నాడే గాని డబ్బిచ్చాడు.

మెట్ల మీద నోట్లు రెండోసారి లెక్కపెడుతూ
"రేపు బేగి రా మాస్టారూ,
ఆ జీడిపిక్క నాకింకా కుదర్నేదు" అంది.