తోలుచెయ్యి

గడ్డపార మూడోసారి ఎగిరి
మేస్త్రీ మోచేతికి తగిలింది.
"సర్వేయర్ సాబ్, కింద ఏముంది?"

ప్లాట్ నంబరు నూటపధ్నాలుగు, తూర్పు ముఖం.
హైదరాబాదుకు నలభై నిమిషాలని బోర్డు మీద అబద్ధం.
ఈశాన్యం మూల హద్దురాయి దిగడం లేదు.

కింద మా నాయనమ్మ ఉంది.
అంటే, ఆమె కొట్టిన కంకర.

తంగెళ్ళగూడలో ఆ యేడు జొన్న పాలుపట్టింది.
పట్వారి గొలుసు పట్టించుకొచ్చి
చేలకు అడ్డంగా సున్నం చల్లుకుంటూ పోయాడు,
ఏ నాగలీ పోనంత తిన్నగా.
"రోడ్డా దొరా?"
"రోడ్డే. ఏ ఊరికీ పోదు."

జపానోడు ఎవడో,
వాడికి జొన్నచేనుతో ఏం పగో ఎవరికీ తెలవదు.
పచ్చి కంకులు కాల్చి, ఊచబియ్యం నలుపుకు తిని,
దూలాలు విప్పుకొని
నలభై గడపలు గుట్ట అవతలికి నడిచాయి.

వడ్డెరోళ్ళకు మాత్రం పని దొరికింది.
మా ఈదమ్మకు పదిహేడేళ్ళు, చంకన మా పెదనాయన.
గుండు మీద మంట పెట్టాలి, నీళ్ళు చల్లాలి,
పగిలినదాన్ని పిడికిలంత,
పిడికిలంతదాన్ని నిమ్మకాయంత చెయ్యాలి.
తెల్లదొరలు లెక్కపెట్టేది కల్దారు రూపాయలు,
గుత్తేదారు పంచేది హాలీ సిక్కా.
నడుమ అణాలు ఎటుపోయినయో,
"ఆ లెక్కొస్తే నేను రాళ్ళెందుకు కొడుదు?"

రాత్రి దీపాలు కనబడొద్దని దండోరా వేశారట.
ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది.
"మా గుడిసెలల్ల దీపాలుంటె గద!"

ఒక మబ్బు పొద్దున
దిగాల్సిన విమానం పడింది.
సీతాఫలం పొదలు మూడు దినాలు కాలాయి.
సిపాయిలు వరసగా వంగి
రేకుముక్కలన్నీ ఏరుకుపోయారు, గోరంతవి కూడా.
ఈదమ్మ రొట్టెల గంపలోది మాత్రం ఏరలేదు.

ఎడమచేతి తొడుగు. మెత్తటి తోలు.
లోపల చెయ్యి లేదు, అది ముందు చూసుకుంది.
తర్వాత తన చెయ్యి పెట్టి చూసుకుంది.
వేళ్ళ కొసలు బోలుగా మిగిలాయి.

రాళ్ళు కొట్టేవాళ్ళకు
కుడిచెయ్యి సుత్తిది, ఎడమచెయ్యి దెబ్బలది.
ఆనాటి నుంచి దెబ్బలు తోలుచెయ్యి తిన్నది.

లడాయి అయిపోయింది, విమానాలు పోయాయి.
ఏ ఊరికీ పోని రోడ్డు మీద
మిరపకాయలు ఎండాయి, కందులు నూర్చారు.
నలభై ఎనిమిదిలో ఆకాశం మళ్ళీ మోగితే
ఏదీ దిగకుండా రోడ్డుకు అడ్డంగా బండలు వేయించారు.
పరిచిన చేతులే అడ్డం పెట్టాయి.
ఆ నాలుగు దినాల కూలి ఇంకా రావాలి,
ఇయ్యాల్సిన సర్కారే లేకుండా పోయింది.

తర్వాత రైలుకట్టకు, కాలవకు,
పట్నంలో ఏదో కాలేజీ పునాదికి
ఆమెతో పాటు ఆ చెయ్యీ తిరిగింది.
చూపుడువేలు చిరిగితే గోనెదారంతో కుట్టుకుంది.

నేను అయిదో తరగతిలో ఉండగా
మణికట్టు లోపల సిరా కనబడింది.
రెండక్షరాలు. ఒకటి చెమటకు కరిగిపోయింది.
మిగిలినదాన్ని కూడబలుక్కుని చదివాను.
"గంతేనా పేరు?"
సుత్తి కాసేపు ఆగింది.
"మస్తు పొడుగు చేతులు గద పిలగానివి."

పాత పహాణీలో ఈ నేల సర్ఫెఖాస్,
ఆనక హవాయి అడ్డా, ఆనక ఖారిజు ఖాతా.
పట్టాదారుకు ఒక గడి, సాగుదారుకు ఒక గడి,
చెట్లకు కూడా గడి ఉంది.
కొట్టినవాళ్ళకు ఎక్కడ రాయాలో
నా ఇరవై ఏళ్ళ నౌకరీలో దొరకలేదు.

"చెప్పు సాబ్. గుండా, పరుపుబండా?"
"కొట్టిన రాయి."
అతనికి అర్థం కాలేదు.
అరచేతుల్లో ఉమ్మేసుకుని మళ్ళీ గడ్డపార ఎత్తాడు.

"ఆగు," అన్నాను.
"హద్దు ఒక అడుగు పక్కకు జరుపు."

సర్వేయరు అనకూడని మాట.