ఒకే చిలప

మంచు పెట్టె పొద్దున్నే దిగింది భువనేశ్వర్ బండిలో.
మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చాడు
బరంపురం టేసను నుంచి ఆసుపత్రి దాకా.
గతుకొచ్చినప్పుడల్లా ఆటోవాడి మీద కేకలు.
లోపలున్నది ఒక్క సీసా.
మా నాలుగు మగ్గాలూ అమ్మినా
దాని మూత కూడా రాదు.

మంచం మీద మినతి.
ఆ పేరు పక్కింటి ఒడియా అవ్వ పెట్టింది,
వేడికోలు అని అర్థమట.
నర్సు సూది పట్టి, "డరనీ" అంది, భయపడకని.
గుంట భయపడలేదు.
నేనే గోడకేసి తిరిగాను.

గంటసేపు ఎక్కుతుంది మందు.
నేను గడియారం చూడను.
నాడె ఇటు, నాడె అటు,
చుక్క, చుక్క,
మధ్యలో ఒక పోగు తెగినట్టు ఆగుతుంది,
నర్సు వచ్చి గొట్టాన్ని వేలితో కొడుతుంది.

పిల్ల రెండో ఏట వేళ్ల కణుపుల మీద
పసుపు గడ్డలు లేచాయి.
మోచేతుల మీద, మడమ వెనక నరం మీద.
"బంగారం పూసలే, మా ఇంటి లచ్చిమి" అంది అమ్మమ్మ.
మేమూ ముద్దు పెట్టుకున్నాం ఆ పూసల్ని.
అంతకు ముందు లోకనాథుడికీ ఉండేవి.
తొమ్మిదేళ్లవాడు,
బడి మెట్ల మీద కూచుని మరి లేవలేదు.
గాలి తగిలిందన్నారు.
ఠాకురాణీకి ఘటం ఎత్తాను.

ఈ గుంటకి గుడ్డు మానిపించాను, చేప మానిపించాను,
వేడన్నంలో నెయ్యి అడిగితే
చేతి మీద కొట్టాను.
అంకె దిగలేదు.
డాక్టరు కాగితం తిప్పి గీశాడు,
"తిండి తప్పు కాదమ్మా ఇది.
నెత్తుట్లో కొవ్వుని లోపలికి పిలిచే తలుపులు
అందరికీ ఉంటాయి.
మీకు సగం ఉన్నాయి, మీ ఆయనకీ సగమే.
పిల్లకి రెండు వైపులా మూసినవే వచ్చాయి."

రెండు వైపులేమిటి డాక్టరుగారూ,
ఉన్నది ఒక్క వైపే.
నేను కట్టుకున్నది మా అమ్మ తమ్ముణ్ణి.
మగ్గం ఇల్లు దాటకూడదని
అమ్మమ్మ పట్టుబట్టి చేసిన పెళ్లి.
పడుగూ పేకా ఒకే చిలపలోంచి తీశాం,
రంగు ఎక్కడ విరిగిందో
చీర విప్పాక గాని కనపడలేదు.

ఈ మందు ఆ తలుపుల జోలికే పోదట.
పెరటి దోవన వెళ్లి పని చేస్తుందట.
నెలకోసారి, బతికినన్నాళ్లూ.
కంపెనీవాళ్లు ఏడాదికి ఊరికే ఇస్తామన్నారు.
ఏడాది తరవాత సంగతి
అడగబోయి నోరు మూసుకున్నాను,
అడిగితే ఇదీ ఆపేస్తారేమోనని.

అమ్మమ్మ లోపలికి రాదు.
వరండాలో బల్ల మీద కూచుని
తాత ఫోటో సంచిలోంచి తీసింది ఇవాళ.
ముప్పైఎనిమిదో ఏట మగ్గం గుంటలోనే ఒరిగిపోయిన మనిషి.
"చూడే, ఈయన రెప్పల మీద పసుపు మచ్చలుండేవి,
చిక్కుడు గింజలంత.
ఫోటోలో బాగోవని స్టూడియోవాడు చెరిపేశాడు.
నేనే చెరపమన్నాను."
అంతే అంది.
ఫోటో మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక మినతి చెయ్యి చాపింది.
నెలనెలా పెద్ద కణుపు చుట్టూ
పట్టుపోగు చుట్టి కొలుస్తాను, ముడేసి దాస్తాను.
అయిదు పోగులున్నాయి అగ్గిపెట్టెలో.
"తగ్గిందా అమ్మా?"
పక్కపక్కన పరిచి చూశాను దీపం కింద.
ఈ నెలది గోరంత పొట్టి.

తగ్గిందే, అన్నాను.
కొలిచేటప్పుడు
నేనే కాస్త బిగించి లాగానేమో,
నా వేళ్లకే తెలియాలి.