మోకాలి కొలత

యుద్ధం ఏడాది, టైన్ నది దిగువన, దాణా ధర మండిపోయింది.
గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని
గని యజమాని దాని ముందే అనేవాడు.
డోర్కస్ చెవులు వెనక్కి వాల్చేది.
ఎడమ కన్ను బొగ్గు పెళ్ళ తగిలి పోయింది దానికి.
నాకు పదకొండేళ్ళు. కళ్ళెం నా చేతిలో ఉండేది.

ఆ చలికాలం కొట్టంలోకి ఇద్దరు వచ్చారు:
కమ్మరి జేబెజ్ థర్ల్‌వెల్, కనుబొమలు కాలిపోయినవాడు,
గడియారాలు బాగుచేసే ఓబెడ్ రట్టర్, ఎప్పుడూ ముక్కు చీదేవాడు.
నున్నటి పట్టా మీద నున్నటి చక్రం జారుతుందని ఒకడు,
జారదని ఒకడు,
మూడేళ్ళుగా వాళ్ళ మధ్య తిట్లు తప్ప మాటల్లేవు.
చివరికి రాజీ: బండికి కాళ్ళు పెడదాం.

ఓబెడ్ గడ్డిలో కూలబడి
డోర్కస్ వెనక కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.
తుంటి నుంచి దారం పట్టి మోకాలి దగ్గర ఒక ముడి,
గిట్ట దగ్గర ఇంకో ముడి.
అది తన్నలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

ఫిబ్రవరిలో, బురద గడ్డకట్టిన పొద్దున,
బానలా ఉబ్బిన బాయిలరు, వెనక రెండు ఇనప కాళ్ళు,
కీళ్ళకి పంది కొవ్వు, అతుకులకి మా అమ్మ పాత బూట్ల తోలు.
పొగ. దగ్గు. ఒక కాలు లేచింది,
నేలను తన్నింది.
రెండోది.
నడిచింది దేవుడా, బండి నడిచింది,
జీతాల రాత్రి మా మామయ్య నడిచినట్టు.
జేబెజ్ ఏడుస్తున్నాడు. ఓబెడ్ అడుగులు లెక్కపెడుతున్నాడు.
నలభై మూడు.
నలభై నాలుగుకి పట్టా ఫెళ్ళుమంది.
బండి పక్కకి ఒరిగి కూర్చుంది.

యజమాని నా వైపు చూశాడు: గుర్రాన్ని పట్రా.
తన కాళ్ళలాంటి కాళ్ళను
డోర్కస్ తన కాళ్ళతో షెడ్డుదాకా లాగింది.
గొలుసు విప్పాక కొట్టంలోకి రానంది.
వెనక్కి తిరిగి, గుడ్డి కన్ను వైపు డొక్కను
ఇంకా చల్లారని బాయిలరుకు ఆనించి
నిలబడిపోయింది.
ఇద్దరి ఒంటినుంచీ ఆవిరి.
ఓబెడ్ ముక్కు చీదుకున్నాడు.

శనివారం నా కూలిలో రెండు పెన్నీలు కోశారు,
ఆ రోజు గుర్రం బొగ్గు మోయలేదు కదా.

తర్వాత చక్రాలే గెలిచాయి. జారలేదు.
కాళ్ళ బండిని కరిగించి గేటు చేశారు, అదీ కిర్రుమంటుంది.
దారం మాత్రం నా దగ్గరుంది.
కీళ్ళు పట్టేసిన రాత్రుళ్ళు
నా తుంటి నుంచి పట్టి చూసుకుంటాను.
మొదటి ముడి కుదరదు. నా కాలు పొట్టి.