దొంగవాలు

బత్తాయిలు గ్రేడింగ్ చేసిన షెడ్డుల
ఇప్పుడు ఆరు జాకీల మీద ఒక కాక్‌పిట్ నిలబడ్డది.
దేవరకొండ రోడ్డు మీద లారీ పోతే
రేకులు వణుకుతయి, నా లెక్కలు చెడుతయి.
నూనె వాసన అడుగున ఇంకా తొక్కల వాసన.

ఎగరదు. ఎక్కడికీ పోదు.
మూరెడు మీదికి, మూరెడు కిందికి.
ఆ మూరెడుల ఆకాశమంతా సర్దాలె,
అది నా కొలువు.

మోసం ఎట్ల చేస్తనో చెప్త.
ముందుకు ఉరికినట్టు అనిపించాలంటే
కుర్చీని వెనక్కి వాలుస్త,
చెవి లోపలి నీళ్ళకు తెలియనంత మెల్లగ.
భూమి గుంజుతుంటే
అదే వేగమని నమ్ముతది వీపు.
తర్వాత ఎవరూ పసిగట్టకుంట
చేబదులు తీర్చినట్టు
బండిని మళ్ళ నడిమికి తెచ్చి పెడత.

ఖుద్దూస్ సాబ్ వచ్చిండు,
పదహారేండ్లు మంచుకొండల సందుల
అసలుది నడిపిన మనిషి.
లేపిండు. గాలిల నిలబెట్టిండు.
తెర మీద నేను గీసిన నల్లరాళ్ళ గుట్ట
ఇసుమంత కదల్లే.
దిగి, మోకాలు రుద్దుకుంట అన్నడు:
"కండ్లకు మంచిగున్నది బేటీ.
పిర్రలకే ఏం తెలుస్తలేదు.

మెల్లగ ముందుకు పోతుంటే ఒకకాడ
హెలికాప్టర్ తన గాలిలకెళ్ళి తానే బయటపడ్తది.
అప్పుడొక వణుకు, గడప తగిలినట్టు.
అది లేదు."

నెల దినాలు ఆ గడప దేవులాడిన.
అంకె పెంచితే డబ్బాల గులకరాళ్ళు.
తగ్గిస్తే ఫ్యాను కింద కునుకు.

ఒకనాడు నాయిన సద్దిగిన్నె తెచ్చిండు.
ముత్తిలింగం. బోరుబండి మీద ముప్పై ఏండ్లు.
విమానం మొఖం చూడలే.
చెప్పులు బయట ఇడిసి ఎక్కి కూసున్నడు,
పెడల్స్ మీద ఒట్టి పాదాలు పెట్టి
కండ్లు మూసిండు.

"రాయి దాటి పగులుల పడేటప్పుడు
రాడ్డు ముందుగాల వణకదు బిడ్డా.
రెప్పపాటు ఊపిరి బిగవడ్తది.
ఆ నిమ్మళం నీ దాంట్ల లేదు.
నిమ్మళం లేంది వణుకెట్ల తెలుస్తది?"

ఇంకొకటి కూడ అన్నడు, గిన్నె మూత పెట్టుకుంట.
నీళ్ళు లేవని పాదాలకు ముందే ఎరుకైతుండె,
గట్టు మీద తువ్వాల పరుసుకొని కూసున్న రైతుకు
చెప్ప నోరు రాక
ఇంకో యాభై ఫీట్లు దించిన దినాలున్నయని.
నేను స్క్రీన్ దిక్కు చూసిన.
మా ఇద్దరి పని ఒకటేనా అని
ఆయన అడగలే.

వణుకుకు ముందు రెప్పపాటు
ఏమీ లేకపోవడాన్ని రాసిన.
ఒక్క వరుస. రాసేతందుకు తెల్లారింది.

సాబ్ మళ్ళొచ్చిండు.
లేపి, ముక్కు వంచి, పోతాండు, పోతాండు...
ఆ జాగల ఆయన ఎడమచెయ్యి
అడగకుండనే సర్దుకున్నది.
దిగినంక చదును గచ్చు మీద
తలుపు పట్టుకొని కొద్దిసేపు నిలబడ్డడు.

"ఎవరు నేర్పిండ్రు?"
"బోరుబండి" అన్న.

నవ్వుతడనుకున్న.
నల్లగొండ మనిషి కద,
"ఎన్ని ఫీట్లకు పడ్డది?" అన్నడు.