చదరపు మీటరు

బ్రన్స్‌విక్‌లో మా స్ప్రింగుల కార్ఖానాకి
ఎడమపక్క గోడ అవతల నిన్నమొన్నటిదాకా సబ్బుల గోదాము.
ఇప్పుడు ఆరంతస్తుల ఫ్లాట్లు.
పొద్దున్నే మా ప్రెస్సు మొదటి దెబ్బ వేయగానే
నాలుగో అంతస్తులో ఎవరో కిటికీ ధడాలున మూస్తారు.
నెలకోసారి కౌన్సిల్ నుంచి ఉత్తరం.
దాన్ని ‘చప్పుడు’ అని రాసిన ఫైల్లో పెడతాను.
ఇక్కడ లెక్కలు రాసేది నేను.

‘ఎక్కడికి పోదాం, చెప్పు’ అన్నాడు థనాసిస్.
మెల్‌బోర్న్ పటం పరిచి, నడిబొడ్డున కంపాసు గుచ్చి
ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు గీశాను.
వలయం దాటినకొద్దీ అద్దె దిగుతుంది,
లారీ బాడుగ ఎక్కుతుంది.
రెండూ కూడితే అన్నిటికన్నా తక్కువ పడే చోటు
సోమర్టన్ దాటాక తగిలింది,
నల్లరాళ్ళూ ముళ్ళపొదలూ ఉన్న బయలు.
పెన్సిల్‌తో చిన్న ఇంటూ పెట్టాను.
ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ.

తర్వాత సందు గుర్తొచ్చింది.
సందు అవతల నీనో జింకు పూత షెడ్డు.
వేడి చల్లారని స్ప్రింగుల్ని తోపుడుబండి మీద
నలభై అడుగులు తోసుకెళ్ళి ఇచ్చేస్తాం.
ఇరవయ్యేళ్ళుగా ఆ బండికి ఒక్క బిల్లూ లేదు.
బిల్లు లేనిది నా పుస్తకంలో లేదు.
అచ్చు విరిగితే మూలమీది మిలోరాడ్
చెవి వెనక పెన్సిల్‌తో, నోట్లో బిస్కెట్‌తో వచ్చేస్తాడు.
అతని పది నిమిషాలు ఏ ఖాతా?
వదాద్ ఇంటినుంచి నడిచొస్తుంది, పదకొండు నిమిషాలు.
మిషన్ గొంతు విని తీగ బిగుతు చెప్పగలదు.
ఆ నడకకి నా దగ్గర గడి లేదు.

ఇవన్నీ కూడా రాసి చూపించాను.
థనాసిస్ చదివి, కళ్ళద్దాలు తీసి,
ఇంకో కాగితం నా వైపు తోశాడు:
ఈ స్థలానికి ఎవరో ఇస్తామన్న ధర.
ముప్పయ్యారేళ్ళు తలుపులకీ పరుపులకీ స్ప్రింగులు చుట్టాం.
అన్నేళ్ళూ కాళ్ళకింది నేల ఏ పనీ చేయలేదు.
ఊరికే పడుకుని
ప్రెస్సుకన్నా ఎక్కువ సంపాదించింది.
ఇంక నా వలయాలెందుకు?

కొత్త రేకుల షెడ్డు చాలా పెద్దది,
మాట పైకప్పుకి తగిలి తిరిగొస్తుంది.
మొదటిరోజు ప్రెస్సు దెబ్బ వేసింది.
అలవాటుగా ఆగాను, కిటికీ చప్పుడు కోసం.
ఎండుగడ్డి మీద గాలి, అంతే.
మూడో వారం అచ్చు విరిగింది. మిలోరాడ్ వచ్చేసరికి
షిఫ్టంతా చేతులు కట్టుకుని టీ మీద టీ తాగింది.
అద్దె మాత్రం, లెక్క ప్రకారం, సగానికి సగం.

వదాద్ రాసిన ఉత్తరంలో రెండే ముక్కలు:
రెండు బస్సులు, మధ్యలో ముప్పావు గంట. సెలవు.
ఏ ఫైల్లో పెట్టాలో తెలీక
బల్లమీదే ఉంచాను,
గాలికి ఎగరకుండా పైన ఓ స్ప్రింగు పెట్టి.
దాని మీది పూత ఇంకా నీనోదే.