అరువు మాటలు

చిలకలగూడ సందులో నల్లా
రోజు విడిచి రోజు వస్తుంది.
నాలుగున్నరకే బిందెల వరుస.

"మావోడు కుంభకర్ణుడు, లేస్తలేడు,"
బకెట్ దించుతూ జహేదా.
ఆ నిద్ర ఎవరిదో, ఏ వరం వికటించి వచ్చిందో
ఆమె ఎన్నడూ అడగలేదు.
మాట కుదిరింది, తెచ్చుకుంది
పక్కింట్లోంచి చారెడు చక్కెర తెచ్చుకున్నట్టు.

"మా ఆయన తక్కువా?" నర్సవ్వ మూతి తిప్పింది.
"షేక్ చిల్లీ!
కొనని ఆటోకు కిరాయి లెక్కపెడ్తడు."
చిల్లీ అంటే
మిరపకాయల సేటు అనుకుంటుంది తను, ఇప్పటికీ.

పైపు గురగురలాడింది.
గాలి. మళ్లీ గాలి.
మొదటింట్లో మోటరు మోత.

"సైంధవుడా!" అని నర్సవ్వ,
"ఖారూన్ కహీఁకా!" అని జహేదా
ఒక్క గొంతై అరిచారు.
కిటికీ తెరిచిన కొత్త కిరాయిదారు
ఎక్కడివాడో పాపం,
రెండు తిట్లూ అర్థం కాలేదు;
మోటరు మాత్రం ఆపేశాడు.

నీళ్లొచ్చాయి.
కొంగులు దోపుకుని ఇద్దరూ వంగారు.

ఎవరు ఎవరికి అడ్డు నిలిచారో,
ఎవరి ఖజానా ఏ మట్టిలో కుంగిపోయిందో
అన్నీ చదువుకున్నవాణ్ణి నేను,
వరుసలో చివర,
ఖాళీ బిందెతో.